మాహ్‌లఖా బాయి చందా

ఉర్దూ గజలు అనగానే మనకు ఢిల్లీ, లక్నోలు, అచటి పురుషకవులు స్ఫురింతురు. మన నారాయణఖేడ్ ప్రాంతమును ఏలిన నిజాం దర్బారులోనే 1798లో ఒక స్త్రీ తన గజళ్లను దివానుగా కూర్పించుకొన్న సంగతి మనలో ఎందరము ఎరుగుదుము?

ఆమె చందా. 1768లో జన్మించినది. నృత్యగానములు ఆమె వృత్తి. రెండవ ఆసఫ్‌జా నిజాం అలీఖాన్ ఆమెను మాహ్‌లఖా, అనగా చంద్రవదన, అను బిరుదుతో గౌరవించినాడు. ఆమె విల్లంబులు ధరించి ఆయన వెంట యుద్ధయాత్రలకును వెళ్లినది.

ఈ దర్బారు కథలను చెప్పుకొన్నంతగా ఆమె కవితను మనము చదువలేదు. ఆమె గజలుకు ఐదే షేర్లు. ప్రేమ, విరహము, మధుపాత్ర — ఇట్లు నడచిన గజలు, చందా అను కలంపేరు గల చివరి షేరులో హజ్రత్ అలీని శరణు వేడును. శృంగారము పాడి పాడి క్షేత్రయ్య మువ్వగోపాలుని చేరలేదా? ఇదియు అట్టిదే.

దివాను గల తొలి ఉర్దూ కవయిత్రి ఈమెయే యని చాలకాలము చెప్పుకొన్నారు. లుత్ఫున్నిసా ఇంతియాజ్ దివాను ఒక సంవత్సరము ముందుదని తరువాత తెలిసినది. ఆమెయు దక్కను కవయిత్రియే గనుక మనకు వచ్చిన లోటు లేదు!

1799లో చందా తన దివాను ప్రతిని కంపెనీ అధికారి జాన్ మాల్కంకు బహూకరించినది. అది నేడు లండనులో భద్రముగా ఉన్నది. 1824లో మరణించుచు తన సంపదను నిరాశ్రయ స్త్రీలకు విడిచిపోయినది. హైదరాబాదులో మౌలాఅలీ గుట్ట క్రింద, తల్లి కొరకు తాను కట్టించిన సమాధితోటలోనే, తల్లి ప్రక్కన ఆమెను ఖననము చేసినారు.