రోగి బాధకు పేరిచ్చిన శాస్త్రజ్ఞుడు: డాక్టర్ హాన్స్ సెల్యే

'స్ట్రెస్' అనే మాట నేడు పామరుల నోట కూడ వినిపిస్తుంది. ఆ మాటకు వైద్యశాస్త్రంలో స్థిరమైన స్థానం కల్పించిన వ్యక్తి డాక్టర్ హాన్స్ సెల్యే. ఆయనే సృష్టించిన మరొక మాటను మాత్రం లోకం ఎరుగదు. మూత్రపిండాలు చెడిపోయిన రోగుల మంచాల ప్రక్కన మాత్రమే అది వినిపిస్తుంది. అదే 'కాల్సిఫిలాక్సిస్'.

సెల్యే 1907 జనవరి 26న వియన్నా నగరంలో జన్మించారు. తండ్రి ఆస్ట్రియా-హంగేరీ సైన్యంలో శస్త్రవైద్యుడు. బాల్యమంతా డాన్యూబ్ నదీతీరాన గల కొమారోం పట్టణంలో గడచింది. ప్రాగ్ నగరంలోని జర్మన్ విశ్వవిద్యాలయం నుండి 1929లో వైద్యపట్టం పొందారు. విద్యార్థిదశలో ఆచార్యులు ఒక్కొక్క రోగిని చూపి, ఆ వ్యాధికి ప్రత్యేకమైన లక్షణాలను వివరించేవారు. ఈ యువకుని దృష్టి మాత్రం రోగులందరిలోను సమానంగా కనిపించే నీరసం, అన్నద్వేషం, కృశించిన దేహం మీద నిలిచింది. అందరూ చూచి విడిచిపెట్టినదానిని ఆయన విడువలేదు.

1931లో రాక్‌ఫెల్లర్ వేతనంపై అమెరికా చేరి, అటుపిమ్మట కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో పరిశోధన సాగించారు. ఏ హాని కలిగించినా ఎలుకల దేహం ఒకే తీరుగా స్పందిస్తుందని 1936లో 'నేచర్' పత్రికలో ప్రకటించారు. 1945 నుండి మాంట్రియల్ విశ్వవిద్యాలయంలో ఒక పరిశోధన సంస్థను నడిపారు.

1960 తరువాత ఆయన మరొక వింతను గమనించారు. విటమిన్ డి వంటి పదార్థాన్నిగాని, పారాథైరాయిడ్ హార్మోనునుగాని ముందుగా ఎలుకలకు ఇచ్చి, కొన్ని దినాల తరువాత చర్మంపై వెంట్రుకలు పీకినా, ఏదైన సూది మందు గ్రుచ్చినా, అచ్చట సున్నం పేరుకొని చర్మం గట్టిపడింది. ఇది దేహం తన్ను తాను రక్షించుకొనే యత్నం కావచ్చునని తలచి, రక్షణ అనే అర్థం గల గ్రీకు పదాన్ని కాల్షియంకు జోడించి పేరు పెట్టారు. 1962లో దీనిపై ఒక గ్రంథమే వెలువరించారు.

కాని మానవునిలో ఇది రక్షణ కాదు, ఘోర శిక్ష. మూత్రపిండాలు పనిచేయనప్పుడు ఫాస్ఫరస్ బయటకు పోక రక్తంలో నిలిచిపోతుంది. ఆ ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని 1925లో ఫిస్క్‌తో కలసి లోకానికి అందించినవారు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారని ఇచ్చట స్మరించుకొనుట ఉచితం. కొందరు రోగులలో చర్మం క్రింది సన్నని రక్తనాళాలలో సున్నం పేరుకొంటుంది, నాళాలు మూసుకొనిపోతాయి. రక్తం అందని చర్మం ఊదారంగుకు తిరిగి, నల్లబడి, పుండై పోతుంది. తొడలపై, పొట్టపై ఏర్పడే ఆ పుండ్లను బట్ట తాకినా రోగి తాళలేడు. ఆ పుండ్లలో సూక్ష్మజీవులు చేరి విషం రక్తంలో వ్యాపించుటచే ప్రాణహాని కూడ తరచుగా సంభవిస్తుంది.

వైద్యులు ఈ వ్యాధిని సెల్యే పెట్టిన పేరుతోనే పిలిచారు. ఎలుకలలో ఆయన చూచినది, మనుష్యులలో కనిపించేది ఒక్కటి కాదని తరువాత తేలినా పేరు నిలిచింది.

చికిత్సలో మొదటిది నొప్పిని తగ్గించుట. అందులోను మెలకువ కావాలి. చెడిన మూత్రపిండాలు మార్ఫిన్ అవశేషాలను బయటకు పంపలేవు కనుక వేరొక మందును ఎన్నుకొనవలసి వస్తుంది. కాల్షియం, విటమిన్ డి మాత్రలను, రక్తం గడ్డకట్టకుండ ఇచ్చే వార్ఫరిన్‌ను వైద్యులు పునఃపరిశీలిస్తారు. డయాలిసిస్‌ను సరిదిద్దుతారు, పుండ్లను సున్నితంగా శుభ్రపరుస్తారు. పూర్వం ఫోటో స్టూడియోలలో 'హైపో' అని వాడిన సోడియం థయోసల్ఫేట్‌ను నరం ద్వారా ఇచ్చి ఉపశమనం కలిగించినట్లు 2004లో వైద్యులు ప్రకటించారు. నాటి నుండి దానిని విరివిగా వాడుతున్నా, అది తప్పక నయం చేస్తుందని రుజువు కాలేదు.

సెల్యే జీవితంలో మచ్చ లేకపోలేదు. పొగాకు కంపెనీల ధనం స్వీకరించి, పొగత్రాగుట ఒత్తిడిని తగ్గిస్తుందని ఆయన సమర్థించిన సంగతి ఆ కంపెనీల పత్రాల వలన తరువాత బయటపడింది. రోగి ముఖంలోని నీరసాన్ని చూడగలిగిన కన్ను ధనం ముందు మూతపడుట విచారకరం. ఆయన 1982 అక్టోబరు 16న మాంట్రియల్‌లో కన్నుమూశారు.

విద్యార్థి మిత్రులారా! ఉర్దూలో 'హమ్‌దర్ద్' అనే చక్కని మాట ఉన్నది. ఒకరి నొప్పిని తన నొప్పిగా పంచుకొనేవాడని దాని అర్థం. వ్యాధికి పేరు పెట్టుట విద్వత్తు. ఆ వ్యాధితో పడియున్నవాని పుండుకు మెల్లగా కట్టు కట్టుట హమ్‌దర్దీ. మన కళాశాల నుండి రేపు వైద్యవృత్తికి, నర్సు శిక్షణకు వెళ్ళేవారు ఈ రెండింటిని ఆర్జించాలని, సెల్యే గుణాన్ని గ్రహించి దోషాన్ని విడనాడాలని నా ఆకాంక్ష.