ఫారెస్టల్ మరణము - ప్రభుత్వ మౌనము

అమెరికా సంయుక్త రాష్ట్రముల ప్రథమ రక్షణామాత్యుడు జేమ్స్ ఫారెస్టల్ మరణించి 75 సంవత్సరములు దాటినది. అయినను ఆ మరణమును గూర్చిన వదంతులు నేటికిని చల్లారలేదు. ఆకాశమున గానవచ్చు వింత పళ్లెముల రహస్యము నెఱిగినందుననే ఆయనను కడతేర్చిరని నమ్మువారు గలరు. ఇట్టి మాటను విశ్వసించుటకుగాని త్రోసివేయుటకుగాని ముందు ఆయన చరిత్రమును పరికించుట యుక్తమని మా తలంపు.

ఆయన 1892 ఫిబ్రవరి 15వ తేదీన న్యూయార్కు రాష్ట్రమున జన్మించెను. తండ్రి ఐర్లండునుండి వలసవచ్చినవాడు. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమున జదివియు పట్టము పొందకయే వెడలి, వాల్ స్ట్రీటున ఋణపత్రములు విక్రయించు కొలువున జేరి, 1938 నాటికి ఆ వ్యాపార సంస్థకే అధ్యక్షుడయ్యెను. 1940లో ప్రభుత్వ సేవకు వచ్చి 1944లో నౌకాదళామాత్యుడును, 1947 సెప్టెంబరు 17న రక్షణామాత్యుడును అయ్యెను. సేనాశాఖల పరస్పర కలహములు, పాలస్తీనా విభజనమును వ్యతిరేకించినందుకు వచ్చిన దూషణలు, విశ్రాంతి యెఱుగని శ్రమ ఆయనను క్రుంగదీసెను. 1949 మార్చిలో ట్రూమన్ కోరికపై పదవి వీడెను.

ఏప్రిల్ 2న మనోవ్యాధి చికిత్సకై బెథెస్డా నౌకాదళ వైద్యశాలలో జేర్చిరి. అట్టి రోగికి 16వ అంతస్తున గది యిచ్చిరి. రానురాను కాపలాను సడలించిరి. మే 22వ తేదీ వేకువకు ముందే ఆయన ఆ యంతస్తునుండి పడి మృతి చెందెను. మెడకు అంగీత్రాడు చుట్టుకొని యుండెను.

నౌకాదళము విచారణ జరిపినది. ఆ యక్టోబరులో వెల్లడించిన సంక్షిప్త నిర్ణయములలో పతనముచే మరణము గలిగెననియు, ఎవరి దోషమును లేదనియు గలదు. పతనమునకు గారణమేమో లేదు. సమగ్ర నివేదిక 2004లోగాని ప్రజలకు దక్కలేదు.

ఈ మౌనముననే వదంతి వేరూనినది. 1947 జూన్‌లో కెన్నెత్ ఆర్నాల్డు వింత వస్తువులను జూచితిననుట, జూలైలో రాస్వెల్ వార్త, ఆ యేడే ఫారెస్టల్ పదవీ స్వీకారము, వీనినన్నిటిని జనులు ఒక త్రాట గ్రుచ్చిరి. 1980 తరువాతి దశాబ్దమున, పన్నెండుగురు పెద్దల రహస్య సంఘమున ఆయనయు సభ్యుడని తెలుపు పత్రములు బయలువెడలినవి. అవి కృత్రిమములని ఎఫ్.బి.ఐ. వారు నిర్ణయించిరి. వానిని నమ్మదగిన యాధారముగా మేము గైకొనజాలము.

కాని కూటపత్రములు చేసినవారిని నిందించి యూరకుండుట న్యాయము గాదు. ఒక యమాత్యుని మరణ విచారణను 55 సంవత్సరములు మూసియుంచిన ప్రభుత్వమే ఆ పత్రములకు చదువరులను సమకూర్చినది. రాజ్యరక్షణకు గోప్యము కొంత యవసరమే. వైద్యశాల యజాగ్రత్తను గప్పిపుచ్చుటకు గాదు. నిజమును సకాలమున జెప్పియుండినచో, దేశసేవలో నలిగిన యొక మనుష్యునిపై జనులకు జాలి మిగిలెడిది. దాచినందున ఆయన కథగా మిగిలెను. ప్రజల నేలు ప్రభుత్వము లన్నియు గమనింపదగిన పాఠమిది.