కూడలసంగమము: బసవేశ్వరుల రెండు రాకలు

సహ్యాద్రిపై పుట్టిన కృష్ణవేణి తూర్పుగా ప్రవహించుచు, అదే పర్వతపంక్తిలో కణకుంబి యొద్ద జన్మించిన మలప్రభను కలిసికొను చోటు కూడలసంగమము. ఇది నేటి కర్ణాటకమున బాగలకోటె జిల్లాలో కలదు. ప్రాచీనులు దీనిని కప్పడి సంగమమనిరి. ఈ నదీతీరమున వెలసిన సంగమేశ్వరాలయమును, దానిని ఆశ్రయించియున్న మఠమును భక్తిభాండారి బసవేశ్వరుల జీవితమునకు ఆదియు నంతమునై నిలిచినవి. ఆ మహనీయులు ఇచ్చటికి రెండు మారులు వచ్చి చేరిరి. మొదట ఇల్లు విడిచిన బాలుడుగా వచ్చిరి. పిదప మంత్రిపదవి విడిచిన పెద్దలుగా వచ్చిరి.

బసవన్న 12వ శతాబ్ది పూర్వార్ధమున, బాగేవాడిలో మాదరసు, మాదలాంబిక యను శైవబ్రాహ్మణ దంపతులకు జన్మించెను. జన్మవత్సరము 1105 అని కొందరును, 1131 అని కొందరును నిర్ణయించిరి. తండ్రి ఉపనయనమునకు సన్నాహములు చేయగా, శివభక్తునకు కర్మసూత్రముతో పనిలేదని ఆ బాలుడు నిరాకరించెను. తోబుట్టువైన నాగలాంబికకు లేని సంస్కారము తనకేలయని అడిగెనని జనశ్రుతి. కథనములందు వివరములు వేరైనను, పుట్టిన కులమిచ్చు గౌరవమును చిన్నతనముననే కాదని ఇల్లు వెడలెననుటలో ఏకాభిప్రాయమున్నది.

అట్లు వెడలిన బాలునకు దిక్కైనది సంగమక్షేత్రము. అచ్చటి మఠాధిపతియైన జాతవేదమునీశ్వరులు, ఈశాన్యగురువులని ప్రసిద్ధులు, ఆతనిని శిష్యునిగా స్వీకరించిరి. తెల్లవారకమున్నే నదిలో స్నానము, పూలు కోయుట, అభిషేకజలము మోసి తెచ్చుట, గురుసన్నిధిని శాస్త్రాధ్యయనము. ఇదియే బసవన్న దినచర్య. నది ఒడ్డున ఆ మఠజీవనము ఆతనికి తల్లి ఒడి వంటిదయ్యెను. అక్కడనే జీవితమును గడపవలెనని ఆతని కోరిక.

కాని సంగమేశ్వరుని సంకల్పము వేరు. కన్నడ మహాకవి హరిహరుడు తన బసవరాజదేవర రగళెలో చెప్పిన వృత్తాంతము ఇట్లున్నది. మంగళవాడకు పొమ్మని స్వామి స్వప్నమున ఆదేశింపగా, బసవన్న ఆ సన్నిధిని విడువజాలక మిగుల దుఃఖించెను. తానును వెంట వచ్చెదనని స్వామి ఊరడించెను. మరునాడు నందీశ్వరుని నోటినుండి లింగము వెలువడి ఆతని కరతలమును చేరెను. గుడి విడిచి వెళ్లవలసిన భక్తునకు గుడిలోని దేవుడే అరచేతిలోనికి వచ్చెనని ఈ కథలోని అంతరార్థము. బసవన్న క్షేత్రమును విడిచెను గాని క్షేత్రేశ్వరుని విడువలేదు.

మంగళవాడలో కలచురి బిజ్జలుని కొలువున గణకుడై చేరిన బసవేశ్వరులు, ప్రతిభచేతను నిజాయితీచేతను క్రమముగా ఎదిగి, బిజ్జలుడు కల్యాణ సింహాసనమును వశపరచుకొనిన పిమ్మట భాండాగారాధిపతియు మంత్రియునైరి. గంగాంబిక, నీలాంబిక వారి ధర్మపత్నులు. కల్యాణమున అల్లమప్రభువు శూన్యసింహాసనమును అధిష్ఠింపగా అనుభవమంటపము వెలసినది. చాకలి మాచయ్య, పడవ నడుపు చౌడయ్య, తోలుపని చేయు కక్కయ్య అచ్చట పండితులతో సమానముగా కూర్చుండిరి. కాయకమే కైలాసమని, స్థావరముకంటె జంగమము గొప్పదని, ధరించిన ఇష్టలింగమే దేవుడని, దేహమే దేవాలయమని బసవేశ్వరులు బోధించిరి. అట్లు బోధించిన వారే తమ వచనములన్నిటిని కూడలసంగమదేవుని నామముతో ముగించిరి. వారు వెయ్యికి మించి వచనములు చెప్పిరి. గుడి కట్టలేని బీదవానికి దేహమునే గుడిగా చూపిన ఆ వాణి, బాల్యమున తనను చేరదీసిన నదీతీరమును ఎన్నడును మరువలేదు.

మాదిగ హరళయ్య కుమారునకును, బ్రాహ్మణకులము విడిచి శరణుడైన మధువరసు కుమార్తెకును వివాహము జరుగుటతో కల్యాణము కల్లోలమయ్యెను. లింగధారులకు కులములేదను సిద్ధాంతము మాటలో ఉన్నంతకాలము సహించినవారు, అది పెండ్లిపందిటిలోనికి వచ్చినంతనే సహింపజాలకపోయిరి. బిజ్జలుడు ఆ ఇరువురు తండ్రులను క్రూరముగా దండింపజేసెను. శరణుల హృదయములు రగిలినవి. బసవేశ్వరులు అధికారమును త్యజించి కల్యాణమును విడిచిరి. తదుపరి బిజ్జలుడు హతుడయ్యెను; శరణులు చెల్లాచెదరైరి; చెన్నబసవన్న కొందరితో ఉళివికి చేరెను.

బసవేశ్వరుల రెండవ రాక ఇట్లు సంభవించినది. బాలుడుగా వచ్చిననాడు ముందు జీవితమంతయు ఉండెను. ఇప్పుడు వెనుక కాలిన కల్యాణముండెను. జాతవేదముని చెంత విద్య నేర్చిన చోటనే, సుమారు 1167 ప్రాంతమున, వారు లింగైక్యమునందిరి.

అంత్యకాలమున నీలాంబికాదేవిని తోడి తెచ్చుటకు హడపద అప్పణ్ణను పంపిరని సంప్రదాయము చెప్పును. ఆ సాధ్వి కృష్ణకు ఆవలి ఒడ్డున తంగడగి వరకు వచ్చెను. అక్కడనున్న సంగమేశ్వరుడు ఇక్కడ లేడా యని తలచి, నది దాటకయే అచ్చట ఐక్యమందెను. భర్త జీవితాంతము బోధించిన తత్త్వమును ఆమె తన చివరి క్షణమున ఆచరించి చూపెను. ఒక ఒడ్డున భర్తయు, ఒక ఒడ్డున భార్యయు. నడుమ ప్రవహించు నది వారిని వేరుచేయలేదు.

ఈ పవిత్ర చరిత్రను 13వ శతాబ్దిలో పాల్కురికి సోమనాథుడు బసవపురాణమను పేర తెలుగు ద్విపదలో రచించెను. 1369లో భీమకవి దానిని కన్నడమునకు తెచ్చెను. కన్నడనాట పుట్టిన కథ తెలుగున పురాణమై, మరల కన్నడమునకు మరలినది. కృష్ణానదియు అట్లే సంగమమును దాటి తెలుగునేలకు వచ్చి, అక్కమహాదేవి చేరుకొనిన శ్రీశైలమున పాతాళగంగయై పారుచున్నది.

నారాయణపుర జలాశయము 1982లో నిర్మితమైన పిదప నీరు సంగమమువరకు వ్యాపించినది. ఐక్యస్థలము మునుగకుండ చుట్టును బావివలె గుండ్రని గోడ కట్టిరి. యాత్రికులు మెట్లు దిగి, నలుదిక్కుల జలమధ్యమున, ఐక్యలింగమును దర్శింతురు.

దేహమే దేవాలయమని చెప్పిన వారి సమాధికి యాత్ర చేయుట తగునా యను సందేహము కొందరికి కలుగవచ్చును. దానికి సమాధానము బసవేశ్వరుల రెండు రాకల నడుమనే యున్నది. వారు సంగమమును ద్వేషించి వెడలలేదు. సంగమేశ్వరుని కరతలమున నిలుపుకొని లోకములోనికి వెళ్లిరి. ఐక్యలింగమును దర్శించి మెట్లెక్కి వచ్చు భక్తుడును తన ఎదపైనున్న ఇష్టలింగమును తాకి చూచుకొనవలెను. ఇల్లు చేరిన పిదప తన కాయకమునందును, తన పంక్తిలో కూర్చుండు వారియందును, తన ఇంటి పెండ్లి సంబంధములందును ఆ లింగమును మరువనినాడే ఆతని సంగమయాత్ర సఫలము.