కథాగమన శిల్పి కె.వి. రెడ్డి

చలనచిత్రంలో ఏ సన్నివేశం ఎంతసేపు నిలవాలో, ఏది క్షణంలో సాగిపోవాలో నిర్ణయించడమే కథాగమనానికి ప్రాణం. కెమెరా పట్టిన దృశ్యఖండాలను ఎంచి, కత్తిరించి, వరుసగా అతికి ఆ గమనాన్ని సిద్ధింపజేసేవాడు కూర్పరి. ఆ కూర్పును చిత్రీకరణకు ముందే కాగితంపై సాధించిన దర్శకుడు కదిరి వెంకటరెడ్డి.

కె.వి. రెడ్డిగా ప్రసిద్ధి పొందిన ఆయన 1912 జూలై 1న అనంతపురం జిల్లా తాడిపత్రిలో జన్మించారు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో పట్టభద్రులయ్యారు. చిత్రరంగంలో తొలుత కాషియరుగా, పిమ్మట వాహినీ సంస్థలో నిర్మాణ నిర్వాహకుడిగా పనిచేశారు. ఖర్చయ్యే ప్రతి రూపాయికీ లెక్క చెప్పవలసిన ఆ ఉద్యోగాలు ఆయనకు మితవ్యయాన్ని నేర్పాయి. 1943లో 'భక్త పోతన'తో దర్శకులయ్యారు. అది రెండవ ప్రపంచయుద్ధ కాలం. ముడి ఫిల్ముకు తీవ్రమైన కొరత ఉండేది. నిమిషం నిడివిగల దృశ్యానికి తొంభై అడుగుల ఫిల్ము కావాలి. అనవసరంగా చిత్రించిన ప్రతి దృశ్యమూ నిర్మాతకు నష్టమే.

కె.వి. రెడ్డి చేతిలో స్టాప్‌వాచ్ ఉండేది. రచన పూర్తికాగానే ప్రతి సన్నివేశాన్నీ చదివించి, సంభాషణకూ, నడకకూ, మౌనానికీ పట్టే కాలాన్ని కొలిచి నిడివిని నిర్ణయించేవారు. చిత్రీకరణలో నటులు ఆ కాలాన్ని మీరితే తిరిగి నటింపజేసేవారు. అందువల్ల సి.పి. జంబులింగం వంటి కూర్పరుల బల్లపైకి చేరే సరికే చిత్రం నిర్దిష్టమైన నడకను సంతరించుకొని ఉండేది.

గమనమంటే వేగం మాత్రమే కాదని 1957 నాటి 'మాయాబజార్' నిరూపిస్తుంది. పాండవుల బంధువర్గపు కథ అయినా అందులో పాండవులు తెరపై కనిపించరు. వారిని చూపితే కథ శశిరేఖ పెండ్లినుండి పక్కకు మళ్ళుతుంది. పింగళి నాగేంద్రరావు కల్పించిన ప్రియదర్శిని పేటికలో బలరామునికి దుర్యోధనుడు, రేవతికి నగలు, శశిరేఖకు అభిమన్యుడు గోచరిస్తారు. ముగ్గురి మనస్సులను వేర్వేరుగా తెలిపే సన్నివేశాలు వ్రాయవలసిన చోట ఒక్క పేటిక చాలింది. అలా మిగిలిన కాలాన్ని దర్శకుడు వెన్నెల నౌకావిహారానికీ, ఘటోత్కచుని వివాహభోజనానికీ తీరికగా వెచ్చించారు. మూడు గంటలకు పైబడిన చిత్రమైనా ప్రేక్షకునికి దీర్ఘమనిపించకపోవడానికి ఈ పొదుపూ, ఈ ఔదార్యమూ రెండూ కారణాలే.

'పాతాళభైరవి', 'పెద్దమనుషులు', 'దొంగరాముడు', 'జగదేకవీరుని కథ' ఆయన కీర్తిని సుస్థిరం చేశాయి. అయితే గడియారం నిడివిని కొలవగలదు గాని, మారుతున్న ప్రేక్షకుల అభిరుచిని కొలవలేదు. 1968లో వెలువడిన 'ఉమా చండీ గౌరీ శంకరుల కథ' ఆదరణ పొందలేదు. విజయాలకు అలవాటుపడిన దర్శకునికి అవకాశాలు సన్నగిల్లాయి. ఆ దశలో నందమూరి తారక రామారావు 'శ్రీకృష్ణసత్య' దర్శకత్వాన్ని ఆయనకు అప్పగించారు. 1971లో విడుదలైన ఆ చిత్రం విజయం సాధించి, ఆయన చివరి చిత్రమైంది. 1972 సెప్టెంబరు 15న కె.వి. రెడ్డి కన్నుమూశారు.

నేడు కూర్పు కంప్యూటరుపై జరుగుతున్నది. ఎంత చిత్రించినా ఫిల్ము వృథా కాదు. కాని ప్రేక్షకుని కాలం మాత్రం ఆనాటివలెనే అమూల్యం. దానిని గౌరవించడమే కె.వి. రెడ్డి మిగిల్చిన పాఠం.