అంకెలతో ఆడుకున్న మాస్టారు

వేసవి సెలవులు. మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది. టీవీ లేదు, ఫ్యాను లేదు. ఏమీ తోచట్లేదంటూ పిల్లలు కొంగు పట్టుకుని వెనకాలే తిరుగుతున్నారు. అలాంటప్పుడు ఓ చిన్న పని చేయండి. ఒక చీటీ మీద 6174 అని రాసి, మడిచి, పోపుల డబ్బా కింద పెట్టేయండి. తర్వాత పిల్లల చేతికి కాగితం, పెన్సిలు ఇచ్చి, ఎవరికి నచ్చిన నాలుగంకెల సంఖ్య వాళ్లని రాసుకోమనండి. నాలుగూ ఒకే అంకె కాకుండా ఉంటే చాలు.

పెద్దవాడు 1947 రాశాడనుకోండి. ఆ అంకెల్నే పెద్దది ముందొచ్చేలా పేరిస్తే 9741. చిన్నది ముందొచ్చేలా పేరిస్తే 1479. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే 8262. దీన్ని కూడా అలాగే పేర్చి తీసేయాలి. 8622లోంచి 2268 పోతే 6354. మళ్లీ 6543లోంచి 3456 పోతే 3087. 8730లోంచి 0378 పోతే 8352. 8532లోంచి 2358 పోతే... 6174!

ఇప్పుడు చీటీ తీయమనండి. వాడి మొహం చూడండి!

చిన్నది 1995 రాసిందా? దానికి రెండే తీసివేతలు. 9951లోంచి 1599 పోతే 8352, దాన్నుంచి మళ్లీ 6174. ఎవరు ఏ సంఖ్యతో మొదలెట్టినా సరే, ఏడు తీసివేతలు దాటకుండా అక్కడికే వచ్చి చేరతారు. (మధ్యలో మూడంకెలే వస్తే ముందు ఓ సున్నా చేర్చుకోవాలి, అంతే.) పోనీ 6174 దగ్గర ఆగకుండా ఇంకా ముందుకెళ్తే? 7641లోంచి 1467 పోతే మళ్లీ 6174! ఇక కదలదు.

ఈ తమాషా కనిపెట్టినాయన పేరు దత్తాత్రేయ రామచంద్ర కాప్రేకర్. ఏ యూనివర్సిటీలోనో ప్రొఫెసరనుకునేరు. కాదు. నాసిక్ పక్కన దేవలాలీ అనే చిన్న ఊళ్లో బడిపంతులు!

జాతకాల ఇంట్లో లెక్కల పిచ్చి

కాప్రేకర్ 1905 జనవరి 17న అరేబియా సముద్రం ఒడ్డున ఉన్న డహాణులో పుట్టారు. ఎనిమిదేళ్లకే తల్లి పోయింది. పెంచింది తండ్రే. ఆయన గుమాస్తా. జ్యోతిషమంటే ప్రాణం. జాతకం వేయాలంటే ఊరికే అయిపోదు కదా, గుణకారాలు, భాగహారాలు, శేషాలు బోలెడు ఉంటాయి. తల్లి లేని పిల్లాడు తండ్రి పక్కన చేరి ఆ లెక్కలే చూస్తూ పెరిగాడు. జ్యోతిషం సంగతెలా ఉన్నా లెక్కల పిచ్చి మాత్రం బాగా అంటుకుంది. ఠాణేలో హైస్కూలు చదువుతున్న రోజుల్లో లెక్కల పొడుపుకథలు దొరికితే చాలు, గంటలు గంటలు వాటితోనే గడిపేసేవాడట.

పుణేలోని ఫెర్గూసన్ కాలేజీలో చేరాక 1927లో, సొంతంగా చేసిన ఓ లెక్కల వ్యాసానికి రాంగ్లర్ పరాంజపే పేరు మీద ఉన్న బహుమతి వచ్చింది. పరాంజపే అంటే కేంబ్రిడ్జిలో లెక్కల పరీక్షలో మొదటి స్థానం తెచ్చుకున్న మొదటి భారతీయుడు. ఆయన పేరున్న బహుమతంటే మాటలా! 1929లో బొంబాయి యూనివర్సిటీ డిగ్రీ చేతికొచ్చింది. పై చదువు మాత్రం చదవలేదు. 1930లో దేవలాలీలో స్కూలు టీచరుగా చేరారు. 1962లో రిటైరయ్యేదాకా అదే ఉద్యోగం.

దేవలాలీ అంటే గుర్తొచ్చింది... ఇంగ్లీషులో మతి చలించినవాణ్ణి డూలాలీ అని ఎగతాళి చేస్తారు. ఆ మాట పుట్టింది ఈ ఊరి పేరులోంచే. బ్రిటిష్ సైనికులు స్వదేశానికి వెళ్లే ఓడల కోసం ఇక్కడి క్యాంపులో నెలల తరబడి పడిగాపులు పడేవాళ్లు. విసుగెత్తి, ఎండదెబ్బకి, జ్వరాలకి కొందరికి మతి పోయేది. అలా ఊరి పేరే తిట్టయి కూర్చుంది. కాప్రేకర్ పిచ్చి మాత్రం వేరే రకం. సైకిలెక్కి ఊరూరూ తిరిగి పిల్లలకి ప్రైవేట్లు చెప్పేవారు. తీరిక దొరికితే ఏ ఏటి గట్టునో కూర్చుని అంకెలతో ఆలోచనలో పడిపోయేవారు. ఆయన్ని తెలిసినవాళ్లు గణితానంద్ అని ముద్దుపేరు పెట్టుకున్నారు.

రైలు స్టేషన్లో దొరికిన అంకెలు

ఆయన ఆటలకి పెద్ద పుస్తకాలేం అక్కర్లేదు. కూడికలు, తీసివేతలు, ఎక్కాలు వస్తే చాలు. 11ని 11తో గుణిస్తే 121. 111ని 111తో గుణిస్తే 12321. 1111ని అలాగే చేస్తే 1234321. మెట్లెక్కి దిగినట్టు లేదూ! ఈ జాతి సంఖ్యల ఆలోచన ఆయనకి బొంబాయికి ముప్ఫై మైళ్ల దూరంలోని డెమ్లో అనే రైల్వే స్టేషన్లో తట్టింది. ఇప్పటి డోంబివలీ అదే. అంతే, వాటికి డెమ్లో సంఖ్యలని పేరు పెట్టేశారు. మనమైతే రైలు ఆలస్యమైందని తిట్టుకుంటూ కూర్చునేవాళ్లం.

ఇంకోటి చూడండి. 45ని 45తో గుణిస్తే 2025. దాన్ని మధ్యకి విరిచి 20, 25 కలపండి. 45! అలాగే 55ని 55తో గుణిస్తే 3025. 30, 25 కలిపితే మళ్లీ 55. మూడంకెల్లోనూ ఉన్నాయి. 297ని 297తో గుణిస్తే 88209, 88కి 209 కలిపితే 297. ఇలాంటివాటిని ఇప్పుడు ప్రపంచమంతా కాప్రేకర్ సంఖ్యలనే అంటారు. 2025 సంవత్సరం అలాంటి లెక్కలోదే. అది గడిచిపోయింది. ఇక ఇలా సరిగ్గా మధ్యకి విరిగే సంవత్సరం కోసం 3025 దాకా ఆగాల్సిందే!

మరి ఇన్ని కనిపెట్టినాయన్ని పండితులు నెత్తిన పెట్టుకున్నారా? లేదు. మన దేశంలోని చాలామంది గణితజ్ఞులు నవ్వారు. ఇవి పిల్లల ఆటలు, వీటిలో పసలేదు, పనికిరావు అనుకున్నారు. ఒక రకంగా వాళ్ల మాటా కొట్టిపారేయలేం. ఈ తమాషాల్లో చాలా మటుకు మనం పదుల్లో లెక్కపెట్టుకోవడం వల్ల వచ్చినవే. వేరే పద్ధతిలో లెక్కపెడితే 6174 ఉండదు. కానీ ఒక్కటి. ఆ పెద్దల సిద్ధాంతాలు మూడో తరగతి పిల్లకి అర్థమవుతాయా? ఇవి అవుతాయి. అర్థం కావడమే కాదు, ఆ పిల్ల తనంతట తనే చేసి చూసుకోగలదు.

కాప్రేకర్ మాత్రం వాళ్లు నవ్వారని మానలేదు. చిన్నచిన్న పత్రికలకి రాసేవారు. సొంత డబ్బుతో చిన్న పుస్తకాలు అచ్చు వేయించుకునేవారు. 6174 సంగతి ఆయన కనిపెట్టింది 1946లో. 1949లో మద్రాసులో జరిగిన గణిత సభలో దాన్ని బయటపెట్టారు.

అమ్మకి కూడా తెలియాలిగా...

ఎందుకలా వస్తుందమ్మా అని పిల్లలు అడగకుండా ఊరుకోరు. నాలుగంకెలది చెప్పడం కాస్త కష్టం. మూడంకెలతో ఆడించండి, తేలిగ్గా తెలుస్తుంది. అక్కడ ఆట 495 దగ్గర ఆగుతుంది. 352 తీసుకోండి. 532లోంచి 235 పోతే 297. 972లోంచి 279 పోతే 693. 963లోంచి 369 పోతే 594. 954లోంచి 459 పోతే 495.

మధ్యలో వచ్చిన సంఖ్యలన్నిటికీ నడుమ 9 ఉంది చూశారా? అటూ ఇటూ ఉన్న రెండంకెలు కలిపితే కూడా 9. కిటుకంతా అక్కడే ఉంది. పేర్చి తీసేసినప్పుడు నడిమి అంకె ఎగిరిపోతుంది. పెద్ద అంకెకీ చిన్న అంకెకీ ఎంత తేడా ఉందో దాన్ని 99తో హెచ్చవేస్తే ఎంతో, జవాబు అంతే. 352లో తేడా 3. మూడు తొంభైతొమ్మిదులు 297. కాబట్టి మనం దేంతో మొదలెట్టినా ఒక్క తీసివేత అయ్యేసరికి 99, 198, 297, 396, 495, 594, 693, 792, 891... ఈ తొమ్మిదింట్లో ఏదో ఒకదానిలో పడతాం. అక్కణ్ణుంచి దారులన్నీ 495కే. ఒక్కొక్కటీ వేసి చూడమనండి. ఓ గంట ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది.

ఆయన పేరు పెట్టిన ఇంకో రకం హర్షద సంఖ్యలు. హర్షం ఇచ్చేవి అన్నమాట. అంకెలు కలిపితే వచ్చే మొత్తంతో ఆ సంఖ్యని శేషం లేకుండా భాగించగలిగితే అది హర్షద. 12లో ఒకటీ రెండూ మూడు, మూడు నాలుగులు పన్నెండు. 18, 21, 24 అన్నీ అంతే. రామానుజన్ పేరుతో అందరూ చెప్పుకునే 1729 కూడా! దాని అంకెలు కలిపితే 19. 1729ని 19తో భాగిస్తే 91. పందొమ్మిదిని తిరగేస్తే తొంభైయొకటి!

ఇంటి లెక్కలు

ఇలా అంకెల్లో మునిగితేలే మనిషితో కాపురం ఎలా ఉండేదో అనిపిస్తుంది కదూ! బడిపంతులి జీతం. అందులోంచే పుస్తకాల అచ్చు ఖర్చు. నెలాఖరుకి ఇల్లు నెట్టుకురావడం కూడా లెక్కే, దానికి ఎవరూ పేరు పెట్టలేదంతే. ఆయన భార్య 1966లో పోయారు. అప్పటికి రిటైరై నాలుగేళ్లు. ఆవిడ పోయాక పింఛను డబ్బు చాలలేదు. ఆయనకేం దుబారా ఖర్చుల్లేవు, వీలైనంత చవగ్గా బతికేవారు. అయినా రోజు గడవడానికి లెక్కలు, సైన్సు ప్రైవేట్లు చెప్పుకోవాల్సొచ్చింది.  పిల్లలకి పాఠాలు చెప్పి సంపాదించుకున్నదే. మిగిలిన సమయమంతా మళ్లీ అంకెలే.

1975 మార్చిలో అమెరికాలోని సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో మార్టిన్ గార్డ్‌నర్ తన శీర్షికలో కాప్రేకర్ గురించి రాశారు. లెక్కల వినోదాలకి ఆ శీర్షికది పెట్టింది పేరు. దాంతో దేవలాలీ పంతులు గారి పేరు దేశదేశాలకీ పాకింది. అప్పటికి ఆయనకి డెబ్బై ఏళ్లు. మెచ్చుకోలు రావడానికి ఎంత ఆలస్యం! 1986లో ఆయన కన్నుమూశారు. ఆ తర్వాతే కంప్యూటర్లు ఇంటింటికీ వచ్చాయి. ప్రోగ్రాములు రాయడం నేర్చుకునే పిల్లలకి మొదట్లో ఇచ్చే అభ్యాసాల్లో 6174 ఒకటైపోయింది.

గార్డ్‌నర్ పరిచయం చేసిన ఆట కూడా చెప్పేస్తాను. ఒక సంఖ్య తీసుకుని దాని అంకెల మొత్తాన్ని దానికే కలపాలి. 23కి 5 కలిపితే 28. దానికి 10 కలిపితే 38. తర్వాత 49, 62, 70... అలా గొలుసు సాగుతూ పోతుంది. పిల్లల్ని ఎక్కడో ఒకచోట ఆగి, గొలుసులో ఉన్న అంకెలన్నిటినీ కలపమనండి. వాళ్లు వేళ్లు లెక్కపెట్టుకునేలోగా మీరు జవాబు చెప్పేయొచ్చు. చివరి సంఖ్యలోంచి మొదటిది తీసేయండి, చివరి సంఖ్య అంకెల మొత్తం కలపండి. 70లోంచి 23 పోతే 47. దానికి 7 కలిపితే 54. కావాలంటే ఒక్కో అంకె కూడి చూడండి!

ఈ పద్ధతిలో 23 నుంచి 28 పుట్టింది కాబట్టి 28కి 23 అమ్మ అనుకోవచ్చు. కొన్ని సంఖ్యలకి అమ్మ ఉండదు. 20 అలాంటిదే. ఏ సంఖ్యకి దాని అంకెలు కలిపినా 20 రాదు. 31, 42, 53, 64 కూడా అంతే. గుళ్లో స్వయంభువుగా వెలిసిన దేవుడిలా వాటంతట అవే ఉన్నాయి. వాటికి ఆయన తన ఊరి పేరు కూడా పెట్టుకున్నారు, దేవలాలీ సంఖ్యలని. ఆయన పుట్టిన 1905 వాటిలో లేదు. దానికి అమ్మ 1884. మీ పిల్లలు పుట్టిన సంవత్సరం కూడా ఓసారి చూడమనండి. 1996లోనో 2007లోనో 2022లోనో పుట్టినవాళ్లయితే ఎంత వెతికినా అమ్మ సంఖ్య దొరకదు.