తండ్రి యిచ్చిన ఆస్తి: డాక్టరు ఎలిజబెత్ బ్లాక్‌వెల్ చరిత్రము

తండ్రి బిడ్డలకేమి విడిచి పోయెనను ప్రశ్నకు న్యాయస్థానములలో భూములను, ఇండ్లను, నగలను, రొక్కమును లెక్కించి సమాధానము చెప్పుట వాడుక. దస్తావేజుల కెక్కని ఆస్తి మరియొకటి కలదు. దాని విలువ తెలియగోరువారు ఇంగ్లండునుండి అమెరికాకు వలసపోయిన బ్లాక్‌వెల్ కుటుంబపు చరిత్రమును చూడవలెనని మా మనవి.

శామ్యూలు బ్లాక్‌వెల్ బ్రిస్టలు నగరమున చక్కెర శుద్ధిచేయు వర్తకుడు, బానిసత్వమునకు బద్ధవిరోధి. బానిసలు పండించిన చెరకే తనకు జీవనాధారమగుట యాతనికి మనఃక్లేశము కలిగించెడిది. వ్యాపారము చెడగా 1832లో భార్యాబిడ్డలతో న్యూయార్కు చేరెను. అచ్చటను కలసిరాలేదు. 1838లో సిన్సినాటికి తరలిన కొలది మాసములకే మరణించెను. వితంతువునకును, తొమ్మండుగురు బిడ్డలకును మిగిలినది లేమియే.

అయినను కొమారులకును కొమార్తెలకును భేదము లేక యాతడు చెప్పించిన చదువు మిగిలియుండెను. తల్లియు పెద్ద కొమార్తెలును పాఠశాల పెట్టి దానితోనే సంసారము నడిపిరి.

1821లో జన్మించిన మూడవ కొమార్తె ఎలిజబెత్ వైద్యము నేర్వ సంకల్పించెను. కళాశాలలు పెక్కు ఆమెను నిరాకరించినవి. న్యూయార్కు రాష్ట్రములోని జెనీవా కళాశాలాధ్యాపకులు నిర్ణయమును విద్యార్థులకే వదలగా, వారది పరిహాసమని తలచి సమ్మతించిరి. పరిహసించినవారి నడుమనే ఆమె 1849లో ప్రథమురాలిగ నుత్తీర్ణురాలయ్యెను. అమెరికాలో వైద్యపట్టము పొందిన తొలి స్త్రీ యామెయే. ఆ యేడే ప్యారిసులో ఒక శిశువునకు చికిత్స చేయుచుండగా కంటిజాడ్యము సోకి యొక కన్ను పోయెను. శస్త్రవైద్యము చేయవలెనను ఆశయు దానితోనే పోయెను. ఆమె వృత్తిని మాత్రము విడువలేదు. 1857లో, అప్పటికే వైద్యురాలైన చెల్లెలు ఎమిలీతోను, డాక్టరు మేరీ జక్రెవ్‌స్కాతోను కలసి న్యూయార్కులో బీద స్త్రీలకును శిశువులకును ఆసుపత్రి తెరచెను. 1868లో దానికి స్త్రీల వైద్యకళాశాలయు తోడయ్యెను.

ఆ చదువు సోదరులయందును ఫలించెను. హెన్రీ 1855లో లూసీ స్టోనును వివాహమాడినపుడు, భార్య దేహముపైనను ఆస్తిపైనను శాసనము భర్త కొసగిన అధికారమును త్యజించుచు ఆమెతో కలసి ప్రకటన చేసెను. పొందిన హక్కును తానై వదలుకొన్న కక్షిదారుని మేము మా వృత్తిలో నరుదుగ చూచియున్నాము.

ఈ కథకు చెన్నపట్టణముతోను సంబంధము కలదు. ఇంగ్లండునకు మరలిన ఎలిజబెత్ 1874లో లండనులో స్త్రీల వైద్యపాఠశాల స్థాపనకు తోడ్పడెను. మద్రాసు వైద్యకళాశాలలో చదివిన మేరీ షార్లీబు ఆ పాఠశాలయందే పైచదువు ముగించి, తిరిగివచ్చి, 1885లో ఇచ్చటి ఘోషాస్త్రీలకు ఆసుపత్రి నెలకొల్పెను. ఆ సంస్థయే తరువాత కస్తూరిబాగాంధి పేర ప్రసిద్ధమైనది.

ఎలిజబెత్, ఎమిలీ లిరువురును 1910లోనే కాలధర్మము నొందిరి. అప్పులలో మరణించిన వర్తకుని యింటి చదువు మూడు దేశముల స్త్రీలకు ప్రాణరక్ష యయ్యెను. కొమారునికి కళాశాల జీతమును, కొమార్తెకు కట్నమును వేరువేరు పద్దులుగ వ్రాసికొను తండ్రులు ఈ లెక్కను కూడ నొకసారి చూచుకొందురుగాక.