ఎనభై నిండిన పక్కవాద్యం

2026 జనవరి 3న జాన్ పాల్ జోన్స్‌కు 80 ఏళ్లు నిండాయి. మన లెక్కలో వెయ్యి పున్నములు చూసినవారు కావాలంటే ఆయన ఆ రోజు నుంచి ఇంకో పది నెలలు ఆగాలి. అంత ఓపిక మాకు లేదు కనుక సహస్ర చంద్రదర్శన శుభాకాంక్షలు ముందే చెప్పేస్తున్నాం. లెడ్ జెప్లిన్ బృందానికి పన్నెండేళ్లు బేస్ గిటార్, కీబోర్డులు, మాండొలిన్, ఇంకా ఏది చేతికిస్తే అది వాయించిన మనిషి. ఆయన్ని పొగిడేవాళ్లలో చాలామంది ఒకే పాట పాడతారు: పాపం, రావలసిన గుర్తింపు రాలేదని. ఆ ‘పాపం’తోనే మాకు పేచీ. రాబర్ట్ ప్లాంట్ గొంతుకీ జిమ్మీ పేజ్ గిటార్‌కీ వెనక నిలబడటం ఆయనకు పట్టిన దురదృష్టం కాదు. పాట మొత్తం వినబడే చోటు అదే.

పుట్టింది 1946లో, ఇంగ్లండ్‌లోని కెంట్ ప్రాంతపు సిడ్‌కప్‌లో. అసలు పేరు జాన్ బాల్డ్విన్. తండ్రి జో బాల్డ్విన్ డ్యాన్స్ బ్యాండ్లలో పియానో వాయించేవారు, వాద్యాలకు స్వరాలు అమర్చే అరేంజర్ కూడా. అమ్మానాన్నలు ప్రదర్శనల కోసం ఊళ్లు తిరిగేవారు కాబట్టి పిల్లవాడి చదువు హాస్టల్లో సాగింది. పద్నాలుగేళ్లకే చర్చిలో ఆర్గాన్ వాయిస్తూ గాయక బృందాన్ని నడిపాడు. బేస్ గిటార్ మీద మనసు పడితే తండ్రి వద్దన్నారు. ఇంకో రెండేళ్లకు ఆ వాద్యం పేరే ఎవరూ తలవరు, హాయిగా శాక్సఫోన్ నేర్చుకోమన్నారు. సంగీతంలో ఆరితేరిన పెద్దాయన జోస్యం అంత ఘోరంగా తప్పడం మనందరి అదృష్టం.

1963లో, పదిహేడేళ్లకు, షాడోస్ బృందం నుంచి బయటికొచ్చిన జెట్ హ్యారిస్, టోనీ మీహన్‌లతో కలిసి ఊరూరా వాయించారు. మరుసటేడు రోలింగ్ స్టోన్స్ మేనేజర్ ఆండ్రూ ఓల్డమ్ ఒక సినిమా పేరు చూసి ఈ కుర్రాడికి జాన్ పాల్ జోన్స్ అని పెట్టారు. తర్వాత నాలుగేళ్లు లండన్ స్టూడియోల్లో కూలి వాయిద్యం. పొద్దున ఒక గాయని, మధ్యాహ్నం ఒక ప్రకటన, రాత్రి ఇంకో బృందం. నొటేషన్ చదవగలరు, రాయగలరు కాబట్టి త్వరలోనే వాయించడం నుంచి అరేంజింగ్‌కు ఎదిగారు. డోనవన్ పాట ‘మెల్లో యెల్లో’కూ, రోలింగ్ స్టోన్స్ 1967 పాట ‘షీ ఈజ్ ఎ రెయిన్‌బో’లోని తీగవాద్యాలకూ స్వరాలు కూర్చింది ఆయనే. ఆయన పేరు వినని వాళ్లు కూడా ఆయన పనితనం అప్పటికే వింటున్నారు.

ఆ పనితో విసిగిపోయి ఉన్న రోజుల్లో, 1968లో, పేజ్ కొత్త బృందం కడుతున్నాడన్న వార్తను ఇంటావిడ పత్రికలో చూసి, ఫోన్ చెయ్యమని పోరిందట. చేశారు. ఆగస్టులో లండన్ గెరార్డ్ స్ట్రీట్‌లోని ఓ నేలమాళిగ గదిలో నలుగురూ మొదటిసారి కలిసి వాయించారు. డ్రమ్స్ దగ్గర జాన్ బానమ్. జోన్స్‌కు మోటౌన్, స్టాక్స్ కంపెనీల సోల్ రికార్డులంటే ప్రాణం. బానమ్‌కూ అంతే. రాక్ సంగీతంలో ఆ జోడీ అంత గట్టిగా అతుక్కోవడానికి సగం కారణం ఆ రికార్డులే. బానమ్ కాలి దెబ్బ పడే చోట తన స్వరం పడాలా, దాన్ని దాటుకుని పోవాలా అన్నది జోన్స్ ఎప్పటికప్పుడు తేల్చుకునేవారు. మొదటి ఆల్బమ్‌లోని ‘గుడ్ టైమ్స్ బ్యాడ్ టైమ్స్’ వింటే ఆ తేల్చుకోవడం స్పష్టంగా తెలుస్తుంది.

‘బ్లాక్ డాగ్’ (1971) దగ్గర కాసేపు ఆగాలి. ఆ గిటార్ వరస పేజ్‌ది అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది జోన్స్‌ది. రైల్లో ఇంటికి వెళ్తూ, తండ్రి నేర్పిన పద్ధతిలో కాగితం మీద గుర్తులు వేసుకున్నారు. ప్లాంట్ ఒంటరిగా ఒక చరణం పాడతాడు, బృందమంతా ఒక్కసారిగా జవాబిస్తుంది. వరస వంకరలు తిరుగుతూ తాళం తప్పుతున్నట్టే ఉంటుంది, బానమ్ మాత్రం తన నాలుగు దెబ్బల నడక వదలడు. ఎత్తుగడ ఒక దారిన, తాళం ఒక దారిన పోయి సమం దగ్గర కలుసుకోవడం మన కచేరీ శ్రోతలకు తెలిసిన సుఖమే. రాక్ శ్రోతలు మాత్రం అడుగు ఎక్కడ వెయ్యాలో తెలియక తడబడ్డారు. ఆయన కోరుకున్నదీ అదే.

‘కశ్మీర్’ (1975) ఇంకో తీరు. అందులో గిటార్ మూడు దెబ్బల లెక్కలో, డ్రమ్స్ నాలుగు దెబ్బల లెక్కలో నడిచి పన్నెండు దగ్గర కలుస్తాయి. దాని మీద మెలోట్రాన్ కీబోర్డు, తీగవాద్యాలు, ఇత్తడి వాద్యాలు పరిచి కొండంత ఆకారం ఇచ్చింది జోన్స్. పాట పేరు చూసి మనవాళ్లు మురిసిపోతారు గానీ ఆ మాటలు పుట్టింది మొరాకో ఎడారి దారిలో, అప్పటికి ప్లాంట్ కశ్మీర్ చూసింది లేదు. ‘స్టెయిర్‌వే టు హెవెన్’ మొదట్లో వినిపించే పిల్లనగ్రోవి లాంటి రికార్డర్లూ జోన్స్ చేతివే. వేదిక మీద కీబోర్డులు వాయిస్తున్నప్పుడు బేస్ ఎవరు వాయించాలి? ఆయన కాళ్లే. కింద అమర్చిన పెడళ్లను పాదాలతో తొక్కుతూ ఆ పనీ కానిచ్చేవారు.

తెలుగు చెవికి బేస్ గిటార్‌ను అలవాటు చేసింది ఇళయరాజా. ‘గీతాంజలి’ రోజుల్లో గాయకుడి గొంతు కింద మరో పాటలా నడిచిన ఆ మంద్రస్వరాల వెంట పడ్డవాళ్లకు, జోన్స్ బేస్ నడిపించే ‘రాంబుల్ ఆన్’ పరాయి పాట అనిపించదు. పాట వింటూ గాయకుణ్ణి వదిలేసి కిందికి జారిపోయే ఆ దురలవాటు ఒకసారి అంటితే పోదు.

1980 సెప్టెంబర్ 25న బానమ్ చనిపోయారు. డిసెంబర్‌లో మిగతా ముగ్గురూ బృందాన్ని చాలించారు. వేరే డ్రమ్మర్‌ని పెట్టుకుంటే కోట్లు వచ్చేవి. పెట్టుకోలేదు.

ఆ తర్వాతి జోన్స్ మాకు ఇంకా ఇష్టం. ఆర్.ఇ.ఎమ్. వారి ‘ఆటోమాటిక్ ఫర్ ద పీపుల్’కు తీగవాద్యాలు కూర్చారు. బట్‌హోల్ సర్ఫర్స్ లాంటి పిచ్చి బృందానికి నిర్మాతగా కూర్చున్నారు. 1994లో పేజ్, ప్లాంట్ మళ్లీ జత కట్టి ఆల్బమ్ చేసినప్పుడు ఈయనకు కబురే లేదు. ఆ ఆల్బమ్‌కు పెట్టిన పేరు ‘నో క్వార్టర్’. జోన్స్ ఊపిరి పోసిన పాట పేరు. ఇది మాత్రం ఎంత సర్దిచెప్పినా సబబుగా తోచదు. మరుసటేడు రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ వేదిక మీద, తన ఫోన్ నంబర్ ఇన్నాళ్లకు గుర్తొచ్చిందా అన్న ధోరణిలో మిత్రులకు కృతజ్ఞతలు చెప్పి ఊరుకున్నారు. అసలు జవాబు ఆ 1994లోనే ఇచ్చేశారు: డయమాండా గలాస్ అనే నిప్పులాంటి గాయనితో ‘ది స్పోర్టింగ్ లైఫ్’ ఆల్బమ్ చేశారు. మనిషి పాతవాడైనా చప్పుడు సరికొత్తది.

సొంత పేరు మీద ‘జూమా’ వచ్చేసరికి 1999. 2007 డిసెంబర్ 10న లండన్ ఓ2 అరీనాలో పాత ముగ్గురూ కలిసి వాయించారు, డ్రమ్స్ దగ్గర బానమ్ కొడుకు జేసన్. రెండేళ్లకు, అరవై మూడో ఏట, తనకన్నా బాగా చిన్నవాళ్లైన డేవ్ గ్రోల్, జాష్ హోమీలతో ‘దెమ్ క్రూకెడ్ వల్చర్స్’ బృందం కట్టారు. అందులో ఆయనకు తాతగారి మర్యాదలు జరగలేదు, ఆయన చప్పుడు అందరికన్నా బలంగా వినిపించింది. 2012లో అమెరికాలోని కెన్నెడీ సెంటర్ తన గౌరవాన్ని లెడ్ జెప్లిన్ ముగ్గురికీ కలిపి ఇచ్చింది.

డెబ్బై ఎనిమిదో ఏట, 2024లో, నాక్స్‌విల్ బిగ్ ఇయర్స్ ఉత్సవంలో ఒంటరిగా వేదికెక్కారు. స్ట్రిండ్‌బర్గ్ నాటకం ‘ది ఘోస్ట్ సొనాటా’ ఆధారంగా ఒపెరా రాసే పనిని ఏళ్లుగా నెత్తికెత్తుకున్నారు. అది రంగస్థలం ఎక్కాలి, మొదటి రాత్రి ఆయన ముందు వరసలో కూర్చుని చూడాలి. నూరేళ్లు చల్లగా ఉండండి, జోన్స్‌గారూ.